గుల్ల కాంక్రీటు వాకిళ్లు: సీమ ఎండకు, సీమ నేలకు నిలుస్తాయా?

తెల్లగా మెరిసే దారి, దాని మీద తేలి కనిపించే ఆల్చిప్ప ముక్కలు. సముద్రతీరపు రిసార్టుల ఫొటోలు చూసి, గేటు నుంచి పోర్టికో దాకా తమకూ అలాంటిదే కావాలనేవాళ్లు కర్నూలు, అనంతపురం, కడపల్లోనూ ఉన్నారు. సిమెంటు తక్కువ పడుతుందని ఒకరంటారు. ఎండకు చల్లగా ఉంటుందని మరొకరు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుందని ఇంకొకరు. బేల్దారి మేస్త్రీనడిగితే, కారు తిరిగే చోట చిప్పలేమిటని తల అడ్డంగా ఊపుతాడు. ఈ మాటల్లో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. కాకపోతే ఒక్కో మాట ఒక్కో పనికి వర్తిస్తుంది. గుల్ల కాంక్రీటు అనే పేరు కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోయాయి కాబట్టే ఇంత గందరగోళం.

ఒకే పేరు, మూడు పనులు

మొదటిది, గుల్లను కాల్చి సున్నం చేసి, ఆ సున్నాన్నే బంధకంగా వాడటం. ఇందులో సిమెంటు ఉండదు. గుల్ల సున్నం, ఇసుక, పగిలిన గుల్లలు, నీళ్లు కలిపి పెట్టెల్లో పోసి దిమ్మెసతో కూరుతారు.

రెండోది మామూలు సిమెంటు కాంక్రీటే. కంకరలో కొంత తీసేసి దాని బదులు గుల్ల ముక్కలు వేస్తారు. గుల్ల లోపలి దాకా ఉంటుంది.

మూడోది పైపూత. అడుగున ఎప్పటిలాంటి కాంక్రీటు బెడ్డు, దాని పైభాగంలో మాత్రం చిప్పలు పొదిగి, పైన సిమెంటు పాలు కడిగేసి వాటిని బయటపెడతారు. రిసార్టుల ఫొటోల్లో కనిపించేది చాలావరకు ఇదే.

వీటికి తోడు బంధకమే లేకుండా పగలగొట్టిన గుల్లను దారి మీద పరిచి రోలరుతో తొక్కించే పద్ధతి ఒకటి ఉంది. అమెరికా తూర్పు తీరంలో, దాని దక్షిణాన మెక్సికో గల్ఫ్ తీరంలో ఇప్పటికీ వాడుతున్నారు. అది కాంక్రీటు కాదు, గరుసు దారికి దగ్గరి చుట్టం. వాననీరు కిందికి ఇంకుతుంది గానీ టైర్ల కింద గుల్ల నలిగి తెల్లటి దుమ్ము లేస్తుంది. ఏటా కొంత కొత్త గుల్ల పోస్తూ ఉండాల్సిందే.

గుల్లలో ఉన్నదే నాపరాయిలోనూ ఉంది

ఆల్చిప్ప, నత్తగుల్ల, గవ్వ ఏదైనా నూటికి 95 పాళ్లకు అటూఇటూగా కాల్షియం కార్బొనేటే. మిగిలింది ఆ పొరలను పట్టి ఉంచే జీవపదార్థం, కొంచెం ఉప్పు, మట్టి. బేతంచెర్ల నాపరాయి, కడప నల్లబండ, బెలుం గుహలను తొలిచిన రాయి, ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే సున్నపురాయి, అన్నిటిలోనూ ప్రధానంగా ఉన్నది ఇదే పదార్థం. తేడా ఏమిటంటే మన రాయి గుల్లల నుంచి పుట్టింది కాదు. కడప, కర్నూలు సున్నపురాళ్లు పేరుకున్న కాలానికి గుల్ల కట్టుకునే జీవులు భూమి మీద ఇంకా పుట్టలేదు. వేంపల్లె రాళ్లలో కనిపించే పొరపొరల గుమ్మటాలు సూక్ష్మజీవుల చాపలు పేర్చిన సున్నం.

ఈ పదార్థాన్ని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి పొడి సున్నం మిగులుతుంది. లెక్క ఇలా ఉంటుంది. స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్ 100 కిలోలు కాలిస్తే 56 కిలోల పొడి సున్నం వస్తుంది, 44 కిలోల వాయువు గాలిలో కలుస్తుంది. ఆ 56 కిలోలకు 18 కిలోల నీళ్లు పట్టిస్తే బుసబుస పొంగి, 74 కిలోల తడి సున్నం అవుతుంది. అది గోడలో ఆరుతూ గాలి నుంచి మళ్లీ 44 కిలోల వాయువును నెమ్మదిగా పీల్చుకుని 100 కిలోల రాయిగా మారుతుంది, తాగిన 18 కిలోల నీళ్లు వదిలేస్తుంది. బంధకంగా సున్నం చేసే పనంతా ఈ చక్రమే.

సిమెంటు గట్టిపడేది గాలితో కాదు, నీళ్లతో. అందుకే అది లోపలి దాకా ఒకేసారి బిగుస్తుంది. సున్నం పైనుంచి లోపలికి, నెలల తరబడి బిగుస్తుంది. గుల్లతో సిమెంటే చేద్దామన్న ప్రయత్నం మన దేశంలోనూ జరిగింది. 1904లో మద్రాసులో పెట్టిన తొలి సిమెంటు ఫ్యాక్టరీ సముద్రపు గుల్లల మీద ఆధారపడింది. అది నిలవలేదు. ఆ తర్వాత 1914లో పోరుబందరులో మొదలైన ఫ్యాక్టరీతో ఈ పరిశ్రమ నిలదొక్కుకుంది.

ట్యాబీ: గోడలకు పుట్టిన పద్ధతి

సున్నంతో చేసే గుల్ల కాంక్రీటుకు అమెరికాలో ట్యాబీ అని పేరు. జార్జియా, దక్షిణ కరొలినా, ఉత్తర ఫ్లోరిడా తీరాల్లో 18, 19 శతాబ్దాల్లో విరివిగా కట్టారు. ఆ ఇసుక తీరంలో రాయి దొరకదు. అక్కడి ఆదివాసులు తరతరాలుగా తిని పడేసిన ఆల్చిప్పల దిబ్బలు మాత్రం గుట్టలుగా ఉండేవి. కొన్ని చిప్పలను కట్టెలతో కాల్చి సున్నం, బూడిద తీసి, ఇసుక, కాల్చని చిప్పలు, నీళ్లు ఇంచుమించు సమపాళ్లలో కలిపి చెక్క పెట్టెల్లో అడుగూ రెండడుగుల ఎత్తు చొప్పున గోడ లేపేవాళ్లు. ఈ చాకిరీలో చాలా భాగం బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల చేతుల మీద నడిచింది. వాళ్లుండే గుడిసెలూ ట్యాబీవే. ఫ్లోరిడాలోని ఫోర్ట్ జార్జ్ దీవిలో వాటి గోడలు నేటికీ నిలిచి ఉన్నాయి.

ట్యాబీ ఆ తీరంలో ఎందుకు నిలిచిందో చూస్తే ఇక్కడ ఎందుకు కష్టమో తెలుస్తుంది. సున్నం బిగియాలంటే గాలిలోని వాయువు ముందు తేమలో కరగాలి. ఎండి బిర్రబిగిసిన సున్నం లోపలికి ఆ వాయువు వెళ్లినా మార్పు జరగదు. తీరంలో గాలే తడి. అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మార్చి నుంచి జూన్ దాకా వీచే వడగాలి రెండు రోజుల్లో గారలోని తడిని లాగేస్తుంది. ఆ దశలో ఆగిపోయిన సున్నం గోరుతో గీకితే రాలే పొడిగా మిగులుతుంది. గోనెపట్టాలు కప్పి వారాల తరబడి తడుపుతూ ఉంటే తప్ప ఈ ఎండలో సున్నం పని కుదరదు.

బలం సంగతి వేరే ఉంది. గాలికి బిగిసే సున్నపు గార నెలలు గడిచాక కూడా చదరపు మిల్లీమీటరుకు ఒకటి రెండు న్యూటన్ల ఒత్తిడి తట్టుకుంటుంది. ఎం20 కాంక్రీటు 28 రోజులకు 20 న్యూటన్లు తట్టుకోవాలి. గోడ బరువు కిందికి సమంగా దిగుతుంది కాబట్టి ఆ ఒకటి రెండు చాలు. దారి మీద అలా కాదు. టైరు ఒక్క చోట నొక్కి, అక్కడే మెలి తిరుగుతుంది. మన ఇళ్లలో కారొక్కటే కాదు, ఎండాకాలం సంపు నింపడానికి నీళ్ల ట్యాంకరు కూడా లోపలికొస్తుంది. 5000 లీటర్ల ట్యాంకరంటే నీళ్లే 5 టన్నులు. వట్టి సున్నంతో వేసిన దారి ఆ బరువుకు పైపొర లేచిపోతుంది.

ఈ విషయం మనవాళ్లకు కొత్త కాదు. గానుగలో నూరిన సున్నంతో వేసిన గచ్చు నేలలు, మిద్దె పైకప్పులు ఈ ట్యాబీకి బంధువులే. గుల్ల ఉండాల్సిన చోట ఇటుక ముక్క ఉండేది. సుర్ఖీ, అంటే కాల్చిన ఇటుక పొడి, కలిపితే సున్నం నీటితోనూ బిగుస్తుంది, బలం పెరుగుతుంది. ట్యాబీలో కట్టెల బూడిద చేసిన మేలూ కొంత ఇలాంటిదే. నేడు ఆ పనికి ఎర్రగుంట్ల దగ్గరి రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టు బూడిద దొరుకుతుంది. సున్నం, బూడిద కలిపి వేసిన బెడ్డు నడక దారికి, తోటలో కూర్చునే అరుగుకు సరిపోతుంది. బండ్లు తిరిగే దారికి సరిపోదు.

చిప్పను కంకర బదులు వేస్తే

రెండో పద్ధతిలో చిక్కు చిప్ప ఆకారంతో మొదలవుతుంది. క్రషరు కంకర నలుపలకలుగా ఉండి ఒకదానితో ఒకటి కరుచుకుంటుంది. చిప్ప పలచగా, వంపుగా ఉంటుంది. బోర్లా పడితే కింద గాలి నిలుస్తుంది, వెల్లకిలా పడితే గిన్నెలాగా నీళ్లు పట్టుకుంటుంది. పైగా ఒక వైపు నున్నగా ఉంటుంది కాబట్టి సిమెంటు సరిగా అంటుకోదు. ఇలాంటి మిశ్రమం బొచ్చెలో కదలదు. కదలడానికి మేస్త్రీ నీళ్లు పోస్తాడు, నీళ్లు పెరిగితే బలం పడిపోతుంది. గుల్ల శాతం పెరిగేకొద్దీ బలం తగ్గడానికి గుల్ల మెత్తదనం కంటే ఈ అదనపు నీళ్లు, లోపల చిక్కుకున్న ఖాళీలే ఎక్కువ కారణం.

బ్రిటన్‌లో చాలాకాలం నడిచిన బీఎస్ 882 ప్రమాణం ఇందుకే పరిమాణాన్ని బట్టి హద్దు పెట్టింది. 10 మిల్లీమీటర్ల కంకరలో గుల్ల 20 శాతం దాటకూడదు, అంతకంటే పెద్ద కంకరలో 8 శాతం దాటకూడదు. ఇసుకలో మాత్రం హద్దు పెట్టలేదు. ఎంత చిన్నగా పగలగొడితే వంపు అంత పోతుంది, బోలు అంత తగ్గుతుంది. కాబట్టి నిండు చిప్పలు అందంగా ఉన్నాయని అలాగే కలపడం అన్నిటికంటే పెద్ద పొరపాటు.

ఉప్పు రెండో చిక్కు. తీరంలో ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టి కడిగే అలవాటుంది. లోతట్టు ఊళ్లకు లారీలో వచ్చే సరుకు ఎంత కడిగారో ఎవరూ చూడరు. ఇనుప కమ్మీలున్న కాంక్రీటులో ఘనపు మీటరుకు 0.6 కిలోల క్లోరైడు మించకూడదని మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. అసలు ఇనుమే లేని కాంక్రీటులో 3 కిలోల దాకా ఉండనిస్తుంది. ఒక లెక్క వేసి చూద్దాం. కంకరలో ఐదో వంతు తీసి గుల్ల వేస్తే ఘనపు మీటరుకు సుమారు 170 కిలోల గుల్ల పడుతుంది. సరిగా కడగని గుల్లలో క్లోరైడు 0.3 శాతం ఉందనుకుంటే అదొక్కటే 0.51 కిలోలు. కలపడానికి వాడే 190 లీటర్ల బోరు నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాముల క్లోరైడు ఉంటే మరో 0.095 కిలోలు. ఇసుక, సిమెంటు సంగతి చూడకముందే హద్దు దాటిపోయింది. ఆ కమ్మీ తుప్పు పట్టి ఉబ్బితే, కొన్నేళ్లకు పైన కమ్మీ గీత వెంబడే పగులు కనిపిస్తుంది.

అందుకని చిప్పలు కావాలంటే రెండే దార్లు. బెడ్డులో కమ్మీ మానేసి, మందం పెంచి, తగిన చోట్ల జాయింట్లు కోసుకోవడం ఒకటి. గుల్లను మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి కడిగి ఆరబెట్టడం రెండోది. కడిగిన చివరి నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే పాలలా తెల్లబడితే ఉప్పు ఇంకా ఉన్నట్టే. ఉప్పు లేకపోయినా, లోపల ఎండిన మాంసం మిగిలి ఉంటే సిమెంటు బిగియడం ఆలస్యమవుతుంది, వాసన కూడా వస్తుంది.

10 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు

మూడో పద్ధతి, అంటే పైన మాత్రమే చిప్ప, మన ఊళ్లలో కుదిరేది. గేటు నుంచి పోర్టికో దాకా 300 చదరపు అడుగుల దారి అనుకుందాం. ట్యాంకరు వచ్చే ఇల్లయితే 5 ఇంచీల మందం కావాలి. అప్పుడు 125 ఘనపుటడుగులు, అంటే సుమారు 3.5 ఘనపు మీటర్ల కాంక్రీటు. 1:1.5:3 పాళ్లలో ఎం20కి 29 బస్తాల సిమెంటు, 52 ఘనపుటడుగుల ఇసుక, 105 ఘనపుటడుగుల 20 మిల్లీమీటర్ల కంకర పడతాయి. బస్తాకు 30 లీటర్ల నీళ్లు గరిష్ఠం. ఇసుక తడిగా ఉంటే అంతకూ తగ్గించాలి.

పైన పొదగడానికి 10 నుంచి 15 మిల్లీమీటర్ల గుల్ల ముక్కలు సగటున 6 మిల్లీమీటర్ల మందాన పరిచితే, 28 చదరపు మీటర్లకు 0.17 ఘనపు మీటర్లు. పగలగొట్టిన గుల్ల ఘనపు మీటరుకు టన్ను తూగుతుందనుకుంటే 170 కిలోలు. ఇదే దారికి రెండో పద్ధతిలో ఐదో వంతు కంకర బదులు వేసి ఉంటే 600 కిలోలు పట్టేది. చూపుకు రెండూ ఒకటే. ఉప్పు భయం, బలం తగ్గే భయం మాత్రం పైపొర పద్ధతిలో బాగా తక్కువ.

అయితే దారి పగలడానికి ఇక్కడ అసలు కారణం గుల్ల కాదు, కింది నేల. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. అడుగున్నర నుంచి రెండడుగుల దాకా ఆ మట్టి తీసేసి, గరుసు పోసి, 6 ఇంచీలకొక పొర చొప్పున నీళ్లు చల్లి గట్టిగా దిమ్మెస కొట్టించాలి. పక్కల నుంచి నీళ్లు బెడ్డు కిందికి పోకుండా వాలు ఉండాలి. అనంతపురం ఎర్రనేలల్లో ఇంత తవ్వకం అక్కర్లేదు. మెత్తటి పైమట్టి తీసి గట్టి నేల మీద 4 ఇంచీల గరుసు చాలు.

30 అడుగుల పొడవును 10 అడుగులకొక జాయింటు చొప్పున మూడు చదరాలు చేయాలి. కోత లోతు మందంలో నాలుగో వంతు, అంటే ఇంచింబావు. జాయింటు కోయకపోతే కాంక్రీటు తనకు నచ్చిన చోట తానే పగులుతుంది, ఆ పగులు చిప్పల మధ్య వంకరటింకరగా పోయి పూడ్చడానికి కూడా వీలుకాదు.

పొదిగే వేళ చాలా ముఖ్యం. బెడ్డు పోసి బద్దతో సమం చేశాక పైకి ఊరిన నీరు ఇంకిపోవాలి. అప్పుడు ముక్కలు చల్లి, చెక్క పలకతో తట్టి పూర్తిగా ముంచాలి. వేలితో నొక్కితే కొంచెం గుర్తు పడుతూ, ముక్క మాత్రం కదలని దశ రాగానే మెత్తటి బ్రష్షుతో, సన్నటి ధారతో పైన సిమెంటు పాలు కడగాలి. ముక్కలో మూడింట రెండొంతులు లోపలే ఉండిపోవాలి. డిసెంబరులో తీరిగ్గా దొరికే ఈ వ్యవధి ఏప్రిల్‌లో చాలా తగ్గిపోతుంది. ఆలస్యమైతే పైపొర రాయైపోతుంది, తొందరపడితే చిప్పలు ఊడి వస్తాయి. అందుకే ఎండాకాలం ఈ పని తెల్లవారకముందే మొదలుపెట్టి, ఒక్కో చదరం ఒక్కో రోజు వేయడం మేలు. ఆ తర్వాత గోనెపట్టాలు కప్పి తడపాలి. పొడి ఎండల్లో మామూలు సిమెంటుకు 10 రోజులు, బూడిద కలిసిన పీపీసీకి 14 రోజులు తగ్గకూడదు. ఇప్పుడు అంగళ్లలో ఎక్కువగా దొరికేది పీపీసీయే కాబట్టి 14 రోజుల లెక్కే పెట్టుకోవాలి.

యాసిడ్, బెల్లం

నాపరాళ్లు పరిచాక సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్‌తో కడగడం మన దగ్గర అలవాటు. గుల్ల తేలిన వాకిలి మీద ఆ యాసిడ్ పోస్తే బుసబుస నురగ వస్తుంది. ఆ నురగ గుల్ల కరుగుతుందనడానికి గుర్తు. నిగనిగలాడే పొర పోయి సుద్దలాంటి గుంట మిగులుతుంది. నిమ్మరసం, చింతపండు పులుసు పడినా మచ్చ పడుతుంది. నీళ్లు, సబ్బు, బ్రష్షు తప్ప వేరే మందు అక్కర్లేదు.

బెల్లం సంగతి ఇంకా చిత్రం. గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవాళ్లని విని, సిమెంటులోనూ కలిపితే బలం వస్తుందని కొందరు నమ్ముతారు. సిమెంటుకు చక్కెర శత్రువు. కొద్దిగా పడినా బిగియడం గంటల తరబడి వాయిదా పడుతుంది, ఎక్కువైతే బిగియకుండానే పాడవుతుంది. ఈ గుణాన్నే పైపొర కడగడానికి వాడుకోవచ్చు. పైన పలచగా చక్కెర నీళ్లు పిచికారీ చేస్తే కిందిది బిగిసినా పై రెండు మిల్లీమీటర్లు మెత్తగా ఉండి, మరునాడు తీరిగ్గా కడగడానికి వీలవుతుంది. కాకపోతే చేతితో చల్లితే ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ పడి మచ్చలుగా వస్తుంది. అంగడిలో దొరికే సర్ఫేస్ రిటార్డరు ఆ పనిని సమంగా చేస్తుంది.

వాకిలి అంటే బండి దారొక్కటే కాదని కూడా గుర్తుంచుకోవాలి. గరుకు గుల్ల మీద ముగ్గు గీత నిలవదు. వేరుశనగ కాయలు, మిరపకాయలు ఆరబోస్తే ముక్కల సందుల్లో చిక్కుకుంటాయి. వట్టి కాళ్లతో ఆడే పిల్లలకు చిప్ప అంచు కోసుకుంటుంది. గడప ముందు ఐదారడుగులు నున్నటి నాపరాయికి వదిలేసి, ఆ తర్వాత గేటు దాకా గుల్ల వేసుకోవడం వీటన్నిటికీ సరిపడే ఏర్పాటు.

భూమికి మేలేనా?

గుల్లను మెచ్చుకునేవారి వాదనలో బలం ఉంది. ఆల్చిప్పల వ్యాపారంలో పారేసే వ్యర్థం పనికొస్తుంది, కొండ పగలగొట్టి తీసే కంకర ఆ మేరకు తగ్గుతుంది. లేత రంగు నేల నల్లబండ కంటే తక్కువ వేడెక్కుతుందనేది కూడా నిజమే.

బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుందనే మాటను మాత్రం విడదీసి చూడాలి. సున్నం పీల్చుకునేది, కాల్చినప్పుడు తాను వదిలిన 44 కిలోలనే. బట్టీలో తగలబెట్టిన బొగ్గు, కట్టెల పొగ తిరిగి రాదు. రెండు, మూడు పద్ధతుల్లో గుల్లను కాల్చరు కాబట్టి అది వదిలేదీ లేదు, పీల్చేదీ లేదు. అందులో బంధకం సిమెంటే, దాని భారం అలాగే ఉంటుంది.

గుల్ల వట్టి చెత్త కూడా కాదు. ఆల్చిప్ప పిల్లలు పాత చిప్పల మీదే అతుక్కుని పెరుగుతాయి. అమెరికాలో హోటళ్ల నుంచి చిప్పలు సేకరించి మళ్లీ సముద్రంలో వేసేది అందుకే. మన వైపు గుల్లల నిల్వలున్న పులికాట్ సరస్సు పక్షుల అభయారణ్యం. కొన్ని జాతుల గవ్వలకు, చిప్పలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. కాబట్టి గుల్ల ఎక్కడి నుంచి వచ్చిందో బిల్లు చూపమని అడగడం కొనేవాడి బాధ్యత. ఆ పైన దూరం. నెల్లూరు తీరం నుంచి కడపకు 200 కిలోమీటర్ల దరిదాపు, కర్నూలుకు 300 దాటుతుంది. పైపొర కోసం 170 కిలోలు తెప్పించుకుంటే ఆ దూరం పెద్ద లెక్కలోకి రాదు. లారీల కొద్దీ గుల్ల తెచ్చి కంకర బదులు వేయడం మాత్రం ఏ లెక్కకూ నిలవదు. అమెరికా తీరవాసులు గుల్ల వాడింది వాళ్ల కాళ్ల కింద అదే ఉంది కాబట్టి.

మన కాళ్ల కింద ఉన్నవి

అదే పద్ధతిలో, గుల్ల బదులు పొదగడానికి ఇక్కడి రాళ్లు రెండున్నాయి. 2022 జిల్లాల విభజనతో నంద్యాల జిల్లాలోకి చేరిన బేతంచెర్ల చుట్టూ నాపరాయి కోసే యూనిట్ల దగ్గర ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. క్రషరులో 10 మిల్లీమీటర్లకు కొట్టిస్తే బూడిద రంగు, లేత పసుపు కలిసిన చిప్స్ వస్తాయి. గుణంలో గుల్లకు సోదరే, యాసిడ్ పడదు. ఉప్పు భయం లేదు, వంపు లేదు, సిమెంటు బాగా పట్టుకుంటుంది. జల్లెడ పట్టి పొడి తీసేయడం మాత్రం మరవకూడదు, ముక్కకు అంటిన రాతిపిండి సిమెంటును అంటనివ్వదు.

తెల్లటి మెరుపే కావాలంటే అనంతపురం గుట్టల్లో తెల్లటి చారలుగా కనిపించే పలుగురాయి ఉంది. గుల్ల కాఠిన్యం మోస్ కొలతలో 3 నుంచి 4 అయితే పలుగురాయిది 7. ట్యాంకరు టైరుకు అరగదు, యాసిడ్‌కు చెదరదు. క్రషరు నుంచి వచ్చిన పలుగురాయి అంచులు చిప్ప అంచుల కంటే పదును కాబట్టి కొనేముందు చేతిలోకి తీసుకుని చూడాలి, మూలలు అరగదీసిన సరుకు దొరికితే అదే తీసుకోవాలి. ఏది ఎంచుకున్నా 300 చదరపు అడుగులు ఒకేసారి పోయించే ముందు, అదే ఇసుక, అదే నీళ్లు, అదే సిమెంటుతో రెండడుగుల చదరం ఒకటి వేయించాలి. కడిగి, రెండు వారాలు తడిపి, దాని మీద కారు టైరును నిలబెట్టి స్టీరింగు అటూఇటూ తిప్పించి చూడాలి. ముక్కలు ఊడితే కడగడం తొందరైనట్టు. పైపొర పొడిగా రాలితే నీళ్లు ఎక్కువైనట్టు, లేదా తడపడం తక్కువైనట్టు.